స్టీల్ సైకిల్ ఫ్రేము లోపల తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

భీమిలి_రోడ్డు:
అందరికీ నమస్కారం. నేను ఉండేది విశాఖపట్నంలో. నా క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) టూరింగ్ సైకిలుకు పాత రంగు చాలాచోట్ల పెచ్చులూడింది. భాగాలన్నీ విప్పించి ఫ్రేముకు పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి పొయ్యిలో కాల్చే పూత) వేయించాలని అనుకుంటున్నాను. ఇంతలో మొన్న పంక్చరు వేయడానికి సైకిలును తలకిందులు చేస్తే, సీటు గొట్టం పైన ఉండే చీలిక లోంచి ఇటుక రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా కారాయి. క్రోమోలీలో క్రోమియం ఉంటుంది కనుక దానికి తుప్పు పట్టదని ఒక మిత్రుడు అంటున్నారు. వాడేసిన ఇంజనాయిలు గొట్టాల్లో పోసి తిప్పితే సరిపోతుందని మా వీధి మెకానిక్ చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? లోపల పూత వేయదలిస్తే అది పౌడర్ కోటింగుకు ముందా, తరువాతా? నేను ఎక్కువగా తొక్కేది బీచి రోడ్డు మీద, భీమిలి వైపు అన్నది కూడా దృష్టిలో ఉంచుకోగలరు.

పాత_ఇనుము:
ఈ రెండు మాటలూ పక్కన పెట్టండి. సైకిళ్లకు వాడే 4130 రకం క్రోమోలీలో క్రోమియం దాదాపు 1 శాతమే ఉంటుంది, అది బలం కోసం కలిపినది. తుప్పును అడ్డుకునే స్టెయిన్‌లెస్ స్టీలు కావాలంటే కనీసం 10.5 శాతం ఉండాలి. పైగా మంచి క్రోమోలీ గొట్టాల గోడ చివర్లలో 0.8 మి.మీ., నడుమ 0.5 మి.మీ. మందంలో ఉండటం మామూలే కాబట్టి, మన పాత పాల సైకిళ్ల మందపాటి గొట్టం తట్టుకున్నంత తుప్పును ఇది తట్టుకోలేదు.

ఇక ఇంజనాయిలు. వాడేసిన నూనెలో ఇంధనం కాలగా మిగిలిన ఆమ్లాలూ తేమా కలిసి ఉంటాయి. అది గోడను పట్టుకుని నిలవదు, కొన్నాళ్లకే జారి అడుగున చేరుతుంది. అసలు ముందు చూడవలసింది పూత సంగతి కాదు, మీరు చూసిన ఆ నీళ్ల సంగతి. వాననీరూ, సైకిలు కడిగిన నీరూ సీటు రాడ్డు పక్క నుంచి, చీలిక నుంచి, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు) నుంచి, చివరికి వెనుక గొట్టాలకు అతికేటప్పుడు వేడిగాలి పోవడానికి పెట్టిన సన్నని రంధ్రాల నుంచి కూడా లోపలికి దిగి, అన్నిటికన్నా పల్లంలో ఉండే బాటమ్ బ్రాకెట్ షెల్‌లో, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డ గొట్టంలో నిలుస్తుంది. ఆ షెల్ అడుగున నీరు పోయే రంధ్రం ఉందో లేదో చూడండి. ఉంటే సాధారణంగా గ్రీజూ మట్టీ కలిసి దాన్ని మూసేసి ఉంటాయి. లేకపోతే రంగు వేయించడానికి ముందే 3 లేదా 4 మి.మీ. రంధ్రం ఒకటి వేయించండి. షెల్ గోడ మందంగా ఉంటుంది గనుక బలానికి ఇబ్బంది లేదు. గొట్టాలకు మాత్రం ఎక్కడా రంధ్రం పెట్టనివ్వకండి.

కాకినాడ_చక్రం:
పై మాటలతో ఏకీభవిస్తాను, కానీ సముద్రపు ఒడ్డున ఉండేవారికి నీళ్లు పోయే దారి ఒక్కటే చాలదు. సముద్రపు ఉప్పులో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. గాలిలో తేమ (సాపేక్ష ఆర్ద్రత) మూడోవంతు దాటితే చాలు, అది నీటిని పీల్చుకుని తడిగా మారుతుంది. అంతకన్నా పొడిగాలి మన తీరంలో అరుదు. అందువల్ల వాన లేని రోజుల్లో కూడా గొట్టం లోపలి గోడ తడిగానే ఉండవచ్చు. పూత తప్పనిసరి.

నేను వాడేది రంగుల దుకాణాల్లో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే కాచిన అవిసె నూనె. అది ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని పొరలా గట్టిపడుతుంది. ఆటవస్తువుల దుకాణంలో క్రికెట్ బ్యాటుకని అమ్మేది పచ్చి నూనె, అది ఆరడానికి వారాలు పడుతుంది కనుక కొనవద్దు. ముందుగా లోపల మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టి, ఎర్రటి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. రాలిపోయే తుప్పు ఉంటే సన్నని కమ్మీకి గుడ్డ చుట్టి తీసేయాలి. తరువాత కొంచెం టర్పెంటైన్ కలిపి పలచన చేసిన నూనెను ఒక్కో గొట్టంలో పోసి, రంధ్రాలకు టేపు వేసి, ఫ్రేమును అన్ని వైపులకూ నిదానంగా తిప్పాలి. ఒక ఫ్రేముకు 150 మి.లీ. ధారాళంగా సరిపోతుంది. చివర టేపులు తీసి, షెల్ కిందికి ఉండేలా వేలాడదీసి, కారిందంతా కారనివ్వండి. గొట్టాల లోపల గాలి ఆడదు గనుక ఆరడానికి వారం దాటినా కంగారు పడనక్కరలేదు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఈ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే, ఆరే క్రమంలో పుట్టిన వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో నానబెట్టి పారేయండి.

పాత_ఇనుము:
అవిసె నూనె మంచిదే, కానీ సముద్రతీరంలో నేనైతే కార్ల తలుపుల లోపల కొట్టే మైనం పూతకే ఓటేస్తాను. అది గట్టిపడకుండా మెత్తగా ఉండిపోతుంది కాబట్టి గీత పడ్డా మళ్లీ కొంత సర్దుకుంటుంది. సన్నని గొట్టమున్న స్ప్రే డబ్బాతో వెనుక సన్న గొట్టాల్లోకి కూడా చేరుతుంది. ఏది వాడినా పౌడర్ కోటింగ్ తరువాతే వాడాలి. ఆ పొయ్యిలో వేడి 200 డిగ్రీల దాకా పోతుంది, ముందే వేసిన నూనె గానీ మైనం గానీ కరిగి బయటికి కారి కొత్త రంగును పాడుచేస్తుంది. పాత రంగు తీయడానికి ఆమ్లంలో ముంచుతారేమో కూడా కనుక్కోండి. ముంచేటట్లయితే లోపల ఆమ్లం మిగలకుండా కడిగి ఆరబెట్టమని గట్టిగా చెప్పండి.

భీమిలి_రోడ్డు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. షెల్ అడుగున రంధ్రం ఉంది, మట్టితో నిండి ఉంది. సూదితో పొడవగానే ఇంకొంచెం నీరు వచ్చింది. అయితే బాటమ్ బ్రాకెట్ బేరింగును పట్టి ఉంచే కుడివైపు మరల కప్పు ఎంత బలం పెట్టినా కదలడం లేదు. మళ్లీ బిగించేటప్పుడు మరలకు ఆ మైనమే సరిపోతుందా?

కాకినాడ_చక్రం:
మీది బీఎస్‌ఏ (ఇంగ్లీషు కొలత) మరలున్న షెల్ అయితే, కుడివైపు కప్పు సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. మామూలు దిశలో బలం పెట్టే కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. బిగించేటప్పుడు మైనం కాదు, మరలను శుభ్రంగా తుడిచి గ్రీజు రాయండి. అల్యూమినియం సీటు రాడ్డుకు కూడా అంతే. ఉప్పు తడి చేరితే స్టీలు గొట్టంలో అది బిగుసుకుపోతుంది, కాబట్టి వానాకాలానికి ముందొకసారి, తరువాతొకసారి బయటికి లాగి కొత్త గ్రీజు పెట్టండి.