పాస్‌వర్డ్ సరైనదే, అయినా మళ్ళీ లాగిన్ స్క్రీన్‌కే వచ్చేస్తోంది

ప్రశ్న:
ఉబుంటు 22.04, గ్నోమ్ డెస్క్‌టాప్, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు. రెండో మానిటర్ కోసం డిస్‌ప్లే సెట్టింగ్స్ మార్చాను, ఆ తర్వాత అప్‌డేట్స్ కూడా వేశాను. రీస్టార్ట్ చేశాక పాస్‌వర్డ్ కొట్టగానే స్క్రీన్ క్షణంపాటు నల్లబడి మళ్ళీ లాగిన్ దగ్గరికే వస్తోంది. పాస్‌వర్డ్ తప్పు అని మాత్రం రావట్లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే టెర్మినల్‌లో లాగిన్ అవుతోంది. ఓఎస్ మళ్ళీ వేయాల్సిందేనా?

జవాబు 1:
అక్కర్లేదండీ. టెర్మినల్‌లో లాగిన్ అవుతోందంటే అకౌంట్ బాగానే ఉంది, డెస్క్‌టాప్ సెషన్ మొదలవుతూనే కూలిపోతోంది. ముందు ‘డీఎఫ్ -హెచ్’ కొట్టి డిస్క్ నిండిపోలేదని చూసుకోండి, నిండినా అచ్చం ఇలాగే అవుతుంది.

తర్వాత ‘సుడో యాడ్‌యూజర్’తో కొత్త యూజర్‌ని పెట్టి ఆ పేరుతో లాగిన్ అవ్వండి. అది తెరుచుకుంటే తప్పు మీ హోమ్ ఫోల్డర్‌లో ఉంది. చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని మానిటర్స్ ఎక్స్ఎంఎల్ ఫైలు పేరు మార్చి చూడండి. రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు అందులోనే ఉంటాయి. లాగిన్ స్క్రీన్ దాన్ని చదవదు కాబట్టి అక్కడంతా మామూలుగానే కనిపిస్తుంది.

కొత్త యూజర్‌కీ ఇదే జరిగితే తప్పు సిస్టమ్‌లో ఉన్నట్టు. ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డర్‌లో పాత ఎక్స్ఆర్గ్ కాన్ఫ్ (సిస్టమ్ మొత్తానికి డిస్‌ప్లే సెట్టింగ్స్) ఫైలు మిగిలిపోయిందేమో చూడండి. ఉంటే వేరే చోటికి జరపండి, డిలీట్ వద్దు.

జవాబు 2:
ఎక్స్ఆథారిటీ (డిస్‌ప్లే వాడుకునే అనుమతి ఉండే) ఫైలు తీసేయమని చాలామంది చెబుతారు. ఉబుంటులో లాగిన్ స్క్రీన్ చూపించే ప్రోగ్రామ్ జీడీఎం, అది దాన్ని హోమ్‌లో పెట్టదు. దాని బదులు లైట్‌డీఎం అనే ప్రోగ్రామ్ వాడేవాళ్ళే ఆ ఫైలు ఓనర్ రూట్ (అడ్మిన్ అకౌంట్) అయిందేమో చూసుకోవాలి.

అప్‌డేట్‌లో కెర్నెల్ (ఓఎస్ మూల భాగం) మారి ఉంటే నా అనుమానం ఎన్విడియా డ్రైవర్ మీదే. కంప్యూటర్ ఆన్ అవగానే వచ్చే గ్రబ్ బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నెల్‌తో బూట్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
కొత్త యూజర్‌కీ అంతే. ఎక్స్ఆర్గ్ కాన్ఫ్ లేదు. పాత కెర్నెల్‌తో లాగిన్ అయింది! ప్రతి కెర్నెల్‌కీ డ్రైవర్ తయారుచేసే డీకేఎంఎస్ ఏం చేసిందో చూపే ‘డీకేఎంఎస్ స్టేటస్’లో పాత కెర్నెల్ ఒక్కటే ఉంది.

జవాబు 2:
అయితే దొరికినట్టే. కొత్త కెర్నెల్‌కి హెడర్స్ (డ్రైవర్ తయారీకి కావాల్సిన ఫైళ్ళు) రాలేదు, అవి లేకపోతే డీకేఎంఎస్ ఎన్విడియా మాడ్యూల్‌ని (కెర్నెల్‌లో చేరే డ్రైవర్‌ని) తయారు చేయలేదు. ‘లినక్స్-హెడర్స్-జెనరిక్’ ఇన్‌స్టాల్ చేయండి. ఆ ప్యాకేజీ ఉంటే ఇకపై ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌తోనూ హెడర్స్ వాటంతటవే వస్తాయి. ‘డీకేఎంఎస్ స్టేటస్’లో కొత్త కెర్నెల్ వెర్షన్ పక్కన ఇన్‌స్టాల్డ్ అని కనిపించాకే రీబూట్ చేయండి. మీది హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే) కెర్నెల్ అయితే హెడర్స్ ప్యాకేజీ కూడా దానికి తగ్గదే కావాలి.

జవాబు 3:
సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇంకో మెట్టుంది. సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు. ఇన్‌స్టాల్‌లో పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టి గుర్తుంచుకోండి. రీబూట్‌లో నీలం స్క్రీన్ వచ్చినప్పుడు ఎన్‌రోల్ ఎంఓకే (మాడ్యూల్ సంతకపు కీని నమోదు చేసే ఆప్షన్) ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. కంటిన్యూ నొక్కేస్తే కీ నమోదు కాదు.

గ్రబ్‌లో నోమోడ్‌సెట్ (కెర్నెల్ స్క్రీన్ మోడ్ మార్చకుండా ఆపే బూట్ ఆప్షన్) శాశ్వతంగా పెట్టకండి. స్క్రీన్ అసలు రానప్పుడు ఒక్క బూట్‌కి వాడుకోవడానికే అది. అలాగే వదిలేస్తే డ్రైవర్ బాగుపడినా రిజల్యూషన్ తక్కువగానే ఉండిపోవచ్చు, వేలాండ్ (కొత్త తరహా డిస్‌ప్లే పద్ధతి) సెషన్ కూడా రాకపోవచ్చు.