బీ450 మదర్‌బోర్డ్ మీదే రైజెన్ 5700ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డ్ పెట్టుకోవచ్చా? 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) సరిపోతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇప్పుడున్న సిస్టమ్ ఇది: రైజెన్ 5 2600 (దానితో వచ్చిన కూలరే), బీ450ఎం బోర్డ్ (నాలుగు ర్యామ్ స్లాట్లు, సన్నని ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే ఎం.2 స్లాట్ ఒకటి), 8 జీబీ డీడీఆర్4 2666 స్టిక్ ఒకటి, జీటీఎక్స్ 1050 టీఐ, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, విండోస్ 11.

వీడియో ఎడిటింగ్‌కీ గేమ్స్‌కీ రైజెన్ 7 5700ఎక్స్, ఆర్‌టీఎక్స్ 4060, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ) వేద్దామనుకుంటున్నాను. బోర్డ్ మార్చకుండా కుదురుతుందా? ర్యామ్ ఎలాగూ కొత్తదే కాబట్టి డీడీఆర్5 తీసుకోవచ్చా? పాత 8 జీబీ కూడా ఉంచెయ్యొచ్చా?

జవాబు 1

బోర్డ్ మార్చనక్కర్లేదు. 2600, 5700ఎక్స్ రెండూ ఏఎం4 సాకెట్‌వే (బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). డీడీఆర్5 మాత్రం కుదరదు. రెండింటికీ 288 పిన్నులే ఉన్నా మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది, స్లాట్‌లో కూర్చోదు. డీడీఆర్5 కావాలంటే ఏఎం5 బోర్డ్, దానికి తగ్గ ప్రాసెసర్ కొనాలి. అది అప్‌గ్రేడ్ కాదు, కొత్త సిస్టమే.

అసలు జాగ్రత్త బయోస్ (ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే, బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) దగ్గర. 5700ఎక్స్ 2022లో వచ్చింది, బీ450 బోర్డులు 2018 నాటివి. పాత బయోస్ ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు. అందుకే 2600 బోర్డ్ మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యండి. ముందు బోర్డ్ మీద అచ్చయిన రివిజన్ నంబర్ చూడండి. ఒకే మోడల్‌లో రివిజన్ మారితే బయోస్ ఫైల్ కూడా మారొచ్చు. తయారీదారు సైట్‌లో ప్రాసెసర్ల జాబితాలో 5700ఎక్స్ ఎదురుగా ఏ వెర్షన్ రాసి ఉందో అది గానీ, ఆ తర్వాతది గానీ దించుకోండి. కొన్ని బోర్డులకు మధ్యలో ఇంకో వెర్షన్ వేశాకే చివరిది వెయ్యాలి. ఆ సంగతి ఫైల్ పక్కనే రాసి ఉంటుంది, దాటెయ్యకండి. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, విండోస్‌లోంచి కాకుండా బయోస్‌లోని అప్‌డేట్ మెనూ నుంచే చెయ్యండి. యూపీఎస్ ఉంటే దానికి కలపండి. మధ్యలో కరెంట్ పోతే బోర్డ్ మళ్లీ లేవకపోవచ్చు.

ఇంకోటి, 5700ఎక్స్‌తో కూలర్ రాదు. మీ పాత కూలర్ బిగుసుకుంటుంది, 65 వాట్ల ప్రాసెసర్ కాబట్టి నడుస్తుంది కూడా. కానీ గంటల తరబడి వీడియో రెండర్ చేస్తే ఫ్యాన్ మోత, 90 డిగ్రీల దగ్గర వేగం తగ్గడం తప్పదు. 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ తీసుకోండి, దాని ఎత్తు క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలిచి మరీ.

జవాబు 2

ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉంటే సరిపోదండి. లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చెప్పండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ దాని మీదే బతుకుతాయి. కార్డ్‌కి వెళ్లే 6+2 పిన్ తీగ (కలిపితే 8 పిన్) ఉందా?

ప్రశ్న అడిగినవారు

12 వోల్టుల దగ్గర 28 ఆంపియర్లు అని ఉంది. 6+2 తీగ లేదు. సాటా నుంచి 8 పిన్‌కి మార్చే అడాప్టర్ వాడొచ్చా?

జవాబు 2

ఆ అడాప్టర్ జోలికి అసలు వెళ్లకండి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు, పిన్నుకి 1.5 ఆంపియర్లు. అంటే మొత్తం 54 వాట్లు. 8 పిన్ కనెక్టర్‌కి 150 వాట్ల దాకా లాగే హక్కుంది. ప్లాస్టిక్ కరిగేది అక్కడే.

28 ఆంపియర్లంటే 336 వాట్లు. మిగతాది 3.3, 5 వోల్టుల కింద చూపించింది, ఈ రోజుల్లో సిస్టమ్ వాటిని పెద్దగా వాడుకోదు. 5700ఎక్స్ గరిష్ఠంగా 76 వాట్లు, 4060 115 వాట్లు, బోర్డ్, ర్యామ్, డ్రైవ్‌లు, ఫ్యాన్లకు 50 వేసుకుందాం: దాదాపు 240. లెక్కలో సరిపోయినట్టే ఉంది, కానీ కార్డులు క్షణకాలం పాటు దానికంటే బాగా ఎక్కువ లాగుతాయి. అప్పుడు సిస్టమ్ చటుక్కున ఆగిపోతుంది. పైగా 6+2 తీగే ఇవ్వని ఎస్‌ఎంపీఎస్‌ని ఇలాంటి కార్డ్ కోసం తయారు చెయ్యలేదు. మార్చెయ్యండి. 4060కి ఎన్‌విడియా సిఫారసు 550 వాట్లు. 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు ఉన్నది చూసుకోండి, 540 వాట్లు అక్కడే దొరుకుతాయి.

కొత్తది మాడ్యులర్ (తీగలు విడిగా ఊడి వచ్చేది) అయితే దాని తీగలే వాడాలి. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది. ఇంకో దాని తీగ సరిగ్గా దూరినా తప్పు వోల్టేజ్ వెళ్లి డ్రైవ్‌లు కాలిపోతాయి.

జవాబు 3

ర్యామ్ సంగతి. 16 జీబీ స్టిక్‌లు రెండు ఒకే కిట్‌గా కొనండి, పాత 8 జీబీ తీసెయ్యండి. అది ఉంటే మొత్తం 2666కి దిగిపోతుంది. వేగం ఒక్కటే చూసి కొనకండి, సీఎల్ (ర్యామ్ జవాబివ్వడానికి పట్టే ఆలస్యం లెక్క) కూడా చూడండి: 3200 సీఎల్16, 3600 సీఎల్18 రెండింటి ఆలస్యమూ 10 నానోసెకన్లే, 3200 సీఎల్22 అయితే 13.75. ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యండి. చెయ్యకపోతే 3600 స్టిక్ కూడా 2133లోనో 2666లోనో నడుస్తూ కూర్చుంటుంది.

బీ450లో పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డ్, ఎన్‌వీఎంఈ బోర్డ్‌తో డేటా పంచుకునే దారి) 3.0 మాత్రమే. 4.0 ఎన్‌వీఎంఈ కొన్నా పనిచేస్తుంది, వేగం సెకనుకు సుమారు 3500 ఎంబీ దగ్గర ఆగుతుంది. కొనేటప్పుడు ఎం.2 అన్న మాట ఒక్కటే చూడకండి, ఎం.2 ఆకారంలో సాటా డ్రైవ్‌లు కూడా ఉంటాయి. 4060 వాడేది ఆ దారిలో 8 లేన్లే (వరసలే) కాబట్టి 3.0 మీద కొంచెం నష్టం ఉంది. మామూలుగా తెలియదు, కార్డ్‌లోని 8 జీబీ నిండిపోయే గేమ్స్‌లో తెలుస్తుంది. 4 లేన్ల కార్డులు, అంటే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటివి, ఈ బోర్డ్ మీద వద్దే వద్దు.

జవాబు 1

బిగించే ముందు రెండు మాటలు.

విండోస్ 11లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళం వేసే బిట్‌లాకర్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బయోస్ అప్‌డేట్‌కి ముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యండి. ప్రాసెసర్ మారాక ఎఫ్‌టీపీఎం (ఆ తాళం కీ దాచుకునే చోటు) రీసెట్ చెయ్యాలా అని తెర మీద అడుగుతుంది. కీ చేతిలో లేకుండా వై నొక్కితే డ్రైవ్‌లో ఉన్నవి తెరుచుకోకపోవచ్చు.

ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. థర్మల్ పేస్ట్ గట్టిపడితే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు సిస్టమ్‌కి బాగా పని పెట్టి వేడెక్కనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్ తీసి, నాలుగు స్క్రూలూ విప్పి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు పైకి తియ్యండి. స్క్రూలు విప్పాక బోర్డ్ వెనక ప్లేట్ జారిపోవచ్చు, చేత్తో పట్టుకోండి.

అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు బయోస్, తర్వాత ఎస్‌ఎంపీఎస్, ఆపైన ప్రాసెసర్, ర్యామ్; 1050 టీఐతోనే ఆన్ చేసి చూశాక చివర్లో 4060. ప్రాసెసర్ మార్చాక మొదటిసారి తెర రావడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి ఆపెయ్యకండి. మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టాలి. 5700ఎక్స్‌లో గ్రాఫిక్స్ లేదు, బోర్డ్ మీది హెచ్‌డీఎంఐలో పెడితే ఎంతసేపైనా ఏమీ రాదు.