చలికాలంలో లూర్‌ని (చేపని మోసం చేసే నకిలీ ఎర) లోతుకి దించి మెల్లగా లాగమంటారు. మన చెరువుల్లో అది పనికొస్తుందా?

హంద్రి ఒడ్డు (కర్నూలు)

అన్నలందరికీ నమస్కారం. పోయిన ఆదివారం నేనూ మా బావా గాజులదిన్నె డ్యామ్‌కి పోయినాం. పొద్దున ఆరుకల్లా నీళ్ళ పక్కన ఉన్నాం. చలికి రీలు హ్యాండిల్ పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తొమ్మిదిన్నర దాకా విసిరినా ఒక్క స్ట్రైక్ లేదు, అంటే ఒక్క చేపా కొట్టలేదు. వానాకాలంలో ఇదే చోట ఫ్రాగ్ (కప్ప ఆకారం లూర్) పడీ పడకముందే కొరమీను ఎగబడేది.

నేను చేసింది చెప్తా, తప్పు ఎక్కడుందో మీరు చెప్పండి. అమెరికా వాళ్ళ వీడియోలు ఓ పది చూసినా. అందరిదీ ఒకటే మాట. నీళ్ళు చల్లబడితే చేప మందగిస్తుంది, లోతుకి దిగుతుంది, వెంటపడి తినదు, కాబట్టి లూర్‌ని దాని మూతి ముందుకి తీసుకుపోయి ఆపాలి. సస్పెండింగ్ జర్క్‌బైట్ ఉంది కదా, తేలకుండా మునగకుండా నీళ్ళ మధ్యలో నిలబడేది, దాన్ని రెండుసార్లు విదిలించి, పది లెక్కపెట్టేదాకా కదిలించొద్దంటారు. నీళ్ళు మరీ చల్లగా ఉంటే అది పైకి తేలిపోతుందట, అందుకని గాలం కాడకి సీసం తీగ చుట్టమంటారు. నేను రేడియో రిపేరు షాపులో సోల్డరింగ్ లెడ్ మూరెడు కొని, ముందు గాలానికి నాలుగు చుట్లు గట్టిగా చుట్టినా.

మూడో విసురుకే లూర్ కంపలో ఇరుక్కుపోయింది. 650 రూపాయలు. మా బావ ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ పద్ధతి మనకి పనికొస్తుందా, లేక నేనే సరిగా చేయలేదా?

మైలవరం మామ (జమ్మలమడుగు)

పద్ధతి మంచిదే తమ్ముడూ. మూడో విసురుకే లూర్ పోగొట్టుకుని పద్ధతి మీద తీర్పు అడిగితే ఎట్లా?

చేప ఒంటి వేడి నీళ్ళ వేడే, మనలాగా లోపల కుంపటి ఉండదు. నీళ్ళు పది డిగ్రీలు చల్లబడితే దాని ఒంట్లో జరిగే పని ఇంచుమించు సగానికి పడిపోతుంది. తిన్నది అరగడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆకలి మందగిస్తుంది. చేపల చెరువులు పెట్టినవాళ్ళని అడుగు, డిసెంబరు, జనవరిలో మేత తగ్గిస్తారు. వేసినా తినదు, నీళ్ళు పాడవుతాయి.

అందుకని చలికాలంలో నేను మూడు పనులు చేస్తా. ఒకటి, లూర్ సైజు తగ్గించి సన్న లైన్ వేస్తా. రెండు, 7:1 రీలు ఇంట్లో పెట్టి 5:1 రీలు తీసుకుపోతా. 7:1 అంటే నువ్వు హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే స్పూల్ (దారం చుట్టుకునే డొల్ల) ఏడు చుట్లు తిరుగుతుంది. మెల్లగా తిప్పుతున్నా అని నువ్వు అనుకుంటావు, నీళ్ళలో లూర్ మాత్రం పరిగెత్తుతా ఉంటుంది. మూడోది ఈక జిగ్, అంటే తలకాడ బరువున్న గాలానికి ఈకలు కట్టింది. కోడి మెడ ఈకలు కట్టిన జిగ్‌ని అడుగున పెట్టి జానెడు లేపి వదిలేస్తా. నేను కదిలించకపోయినా ఈకలు నీళ్ళలో ఊగుతానే ఉంటాయి. మైలవరం డ్యామ్‌లో జెల్లలు నాకు ఎక్కువగా ఇట్లానే పడతాయి.

చలిలో స్ట్రైక్ 'టక్'మని తెలియదు. లైన్ చివర తడిగుడ్డ తగులుకున్నట్టు బరువుగా ఉంటుంది. నాచు అనుకుని చాలామంది విదిలించేస్తారు. నీ మూడున్నర గంటల్లో అట్లాంటి నాచు ఎన్నిసార్లు తగిలిందో గుర్తుందా?

ప్రొద్దుటూరు చెక్కముద్ద

వేరుశనగ చెక్క, తవుడు, ఉడికిన అన్నం కలిపి ముద్ద చేసి బెండు వేసుకుని కూర్చుంటే ఈ టెన్షన్ ఉండదు కదప్పా. 650 పెడితే ఇంటిల్లిపాదికీ చేపలు కొనుక్కోవచ్చు.

మైలవరం మామ

చెక్కముద్దా, నువ్వు ప్రతి చర్చలోనూ ఇదే రాస్తావు. ముద్దకి బొచ్చె, శీలావతి వస్తాయి. ఇక్కడ మాట కొరమీను, వాలుగ, జెల్ల గురించి.

అనంత ఎండ (అనంతపురం)

మెల్లగా అన్న మాటకి నాకు అభ్యంతరం లేదు. 'లోతుకి' అన్న దగ్గరే నా గొడవంతా.

ఆ వీడియోల్లో చెరువు పైన మంచు గడ్డ కట్టి ఉంటుంది, లేదంటే కట్టబోతూ ఉంటుంది. నీళ్ళు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అంతకన్నా చల్లబడితే మళ్ళీ తేలికై పైకొస్తాయి. అందుకే అక్కడ పైన సున్నా, అడుగున నాలుగు. చలికాలంలో అడుగే వెచ్చన, చేప అక్కడికి దిగడంలో అర్థముంది. మన దగ్గర తెల్లవారుజామున బయట గాలే 15, 16 డిగ్రీలుంటే అబ్బో చలి అనుకుంటాం. మన నీళ్ళు ఆ నాలుగు దరిదాపులకి ఏనాడూ పోవు. మన నీళ్ళు చల్లబడేకొద్దీ కిందికే పోతాయి. అడుగున ప్రత్యేకంగా వెచ్చదనం ఏమీ దాచిపెట్టి ఉండదు.

రెండేళ్ళ కింద నాకు ఇదే అనుమానం వచ్చి మిడ్ పెన్నార్ డ్యామ్ దగ్గర చూసినా. బరువైన సీసాలో గుండ్రాయి వేసి, మెడకి నైలాన్ తాడు, బిరడాకి వేరే సన్న దారం కట్టినా. లోతుకి దించినాక దారం లాగితే బిరడా ఊడి అక్కడి నీళ్ళే నిండుతాయి. పైకి లాగిన వెంటనే అక్వేరియం థర్మామీటర్ ముంచడమే. పొద్దున ఆరున్నరకి గట్టు పక్క మోకాలి లోతులో 20, మూడు నిలువుల లోతులో 22. మధ్యాహ్నం రెండుకి లోతులో అదే 22, మోకాలి లోతులో 26. మా తమ్ముడు నన్ను చూసి చేపలకి జ్వరం చూస్తున్నావా అన్నాడు.

కాబట్టి కర్నూలు తమ్ముడూ, పొద్దున ఆరుకి లోతే కాస్త నయం, ఒప్పుకుంటా. కానీ ఆరుకి ఎందుకు పోయినావు? మేలో ఎండకి జడిసి తెల్లారకముందే పోతాం, అదే అలవాటు పుష్యమాసంలోనూ నడుపుతాం. పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దు ఉండదంటారు కదా, ఆ ఉన్న కాస్త పొద్దులో పదకొండు నుంచి మూడు దాకా చేపకి ఒళ్ళు కాగుతుంది. గాలి తగలని, ఎండ పడే, నల్ల బండలున్న ఒడ్డు చూసుకో.

ఇంకో సంగతి. జర్క్‌బైట్‌ని అంతసేపు ఆపడం వెనక అక్కడ ఒక కారణముంది. వాళ్ళ నీళ్ళలో థ్రెడ్‌ఫిన్ షాడ్ అని చిన్న చేప ఉంటుంది, నీళ్ళు 5 డిగ్రీల దగ్గరికి పడితే చలికి గుంపులు గుంపులుగా చస్తుంది. చచ్చే ముందు ఒకసారి తన్నుకుని, ఆగి, మళ్ళీ తన్నుకుంటుంది. వాళ్ళు పట్టే బాస్ అనే చేప దానికోసమే కాచుకుని ఉంటుంది. జర్క్‌బైట్ ఆట ఆ చావుకి నకలు. మన పరిగెలు ఏ చలికి చస్తున్నాయప్పా?

మైలవరం మామ

థర్మామీటర్ మాట బాగుంది, కాదనను. కానీ నీ 22 చూసి 'ఇది చలే కాదు' అంటే నేనొప్పుకోను. ఎవరి చలి వాళ్ళది. బాస్ పది డిగ్రీల నీళ్ళలో కూడా మెల్లగానైనా తింటుంది. మన జిలేబి పది పన్నెండుకి చచ్చేపోతుంది, ఇరవైకి దిగువన సరిగా తినదు. మే నెలలో ముప్పై దాటిన నీళ్ళలో తిరిగిన చేపకి 21 అంటే, జమ్మలమడుగు వాడిని తెచ్చి లంబసింగిలో పడుకోబెట్టినట్టే. మందగించడం నిజం. అందుకే ఆపడం కూడా పనిచేస్తుంది. షాడ్ ఉంటేనే పనిచేయాలని రూలేమీ లేదు. కష్టపడకుండా నోటికందే తిండిని బద్ధకపు చేప వదలదు, అది ఏ దేశపు చేపైనా సరే.

ఇంకోటి చెప్పలేదు నువ్వు. చలికాలానికి వాననీళ్ళ బురదంతా పేరుకుని నీళ్ళు తేరుకుంటాయి. తేట నీళ్ళలో చేప లూర్‌ని తీరిగ్గా చూస్తుంది. గబగబా లాగితే నకిలీ అని కనిపెట్టొచ్చు, ఆపితే ఇంకా బాగా చూసి వదిలేయొచ్చు. అందుకే నాకు ప్లాస్టిక్ కన్నా ఈక మీద నమ్మకం.

అనంత ఎండ

ఆపితే ఇంకా బాగా చూసి వదిలేస్తుందని నువ్వే అంటున్నావు కదా మామా, మరి పది లెక్కపెట్టమని తమ్ముడికి ఎందుకు చెప్పడం?

మైలవరం మామ

నేను జిగ్ అన్నా. పది లెక్కపెట్టమన్నది వీడియో వాడు.

కాలవ గట్టు (కర్నూలు)

కొరమీను పేరు తీశారు, దాని ఊపిరి సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

కొరమీను నీళ్ళలో గాలి ఒక్కదానితో బతకలేదు. తల లోపల గాలి పట్టే అరలుంటాయి, పైకొచ్చి గుటక వేయాల్సిందే. చలికాలంలో ఒంటికి గాలి తక్కువ చాలు కాబట్టి తక్కువసార్లు వస్తుంది, కానీ రాక తప్పదు. దాన్ని మూడు నిలువుల లోతులో వెతకడం దండగ. వానాకాలంలో ఫ్రాగ్ మీద పడేది కూడా అంతా ఆకలితో కాదు. పిల్లల గుంపుని కాస్తూ తల్లీతండ్రీ కనపడినదాన్నల్లా కొడతాయి. చలికాలంలో ఆ కాపలా ఉండదు, ఆ కోపమూ ఉండదు. ఉన్నదల్లా ఆకలే, అదీ సగమే. (పిల్లలతో ఉన్నవాటిని నేను పట్టను. అది వేరే గొడవ, ఇక్కడ వద్దు.)

కేసీ కెనాల్‌లో (కర్నూలు-కడప కాలవ) నేను చేసేది చెప్తా. 1860ల్లో పడవలు కూడా నడపాలని తవ్విన కాలవ, ఇప్పుడు కొన్ని వంపుల్లో గుర్రపు డెక్క తప్ప ఏదీ నడవదు. జనవరిలో పన్నెండింటప్పుడు పోతా. డెక్క మీద ఎండ బాగా పడేచోట పళ్ళెమంత ఖాళీ ఉంటుంది చూడండి, దాని అవతల ఆకుల మీద ఫ్రాగ్ వేసి, ఆకు ఆకు దాటిస్తూ మెల్లగా తెచ్చి, ఖాళీలోకి జారవిడిచి ఆపేస్తా. నిమిషమైనా సరే కదిలించను. లైన్ కొంచెం వదులుగా ఉంచుతా. మొన్న ఒకటి ఎట్లా వచ్చిందంటే, ముందు ఫ్రాగ్ పక్కన ఆకు కాడ వణికింది. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ కాడ. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడినా. చప్పుడు లేదు, నీళ్ళు పగల్లేదు, ఫ్రాగ్ ఉన్నచోట చిన్న సుడి తిరిగి ఫ్రాగ్ లేదు. వెంటనే కొట్టకుండా రెండు లెక్కపెట్టి అప్పుడు లాగినా. కిలోకి కాస్త తక్కువ.

అంటే మామ అన్నట్టు ఆపడం కరెక్టు, అనంత అన్న చెప్పినట్టు ఎండా కరెక్టు. కానీ సన్న లైన్, చిన్న జిగ్ అన్న సలహా కొరమీనుకి పనికిరాదు. దాని దవడ ఎముక, డెక్కలోకి దూరితే సన్న లైన్ పుటుక్కుమంటుంది. నేను బ్రెయిడ్ (అల్లిన దారం) మందం తగ్గించను.

మైలవరం మామ

నాది జెల్ల లెక్క, నీది కొరమీను లెక్క. దీనికి గొడవెందుకు?

అనంత ఎండ

గొడవ లేకపోతే ఇక్కడికి ఎవరొస్తారు మామా.

తమ్ముడూ, నీ లూర్ ఎందుకు పోయిందో రాత్రి పడుకున్నాక తట్టింది. చల్లని నీళ్ళు చిక్కన, వెచ్చని నీళ్ళు పలచన. లీటరుకి తేడా రెండు మూడు గ్రాములే, కానీ నిలబడేటట్టు సరిచూసి చేసిన లూర్‌కి ఆ కాస్తే ఎక్కువ. వాళ్ళ 5 డిగ్రీల నీళ్ళలో లూర్ తేలిపోతుంది కాబట్టి సీసం చుట్టమన్నారు. మన 22 డిగ్రీల నీళ్ళలో అదే లూర్ తేలదు, అసలే మెల్లగా మునగొచ్చు. నువ్వు దాని మీద ఇంకో నాలుగు చుట్లు చుట్టి, పది లెక్కపెట్టినావు. పది లెక్కపెట్టేలోగా అది నేరుగా అడుగుకి పోయి సర్కారు తుమ్మ కంపలో కూర్చుంది. ఈసారి చుట్టకముందు బక్కెట్‌లో ఆ చెరువు నీళ్ళే పట్టి వేసి చూడు. మునుగుతుంటే గాలాలు ఒక సైజు చిన్నవి మార్చు.

హంద్రి ఒడ్డు

అన్నా, ఇది చదివి తల పట్టుకున్నా. ఇంకో జర్క్‌బైట్ ఉంది, బక్కెట్‌లో వేసినా. సీసం లేకుండానే మెల్లగా దిగింది.

గండికోట గాలం (కడప)

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. చెరువుల్లో, డ్యాముల్లో చాలాచోట్ల చేపల హక్కు మత్స్యకారుల సొసైటీ వాళ్ళది. వాళ్ళనడిగి పోండి. పోయినేడు మా వాళ్ళు అడక్కుండా పోయి రాడ్లు అక్కడే పెట్టి రావాల్సొచ్చింది. అడిగితే చాలాసార్లు సరే అంటారు, పైగా ఎక్కడ కంప ఉందో వాళ్ళే చెప్తారు.

హంద్రి ఒడ్డు

అప్‌డేట్. నిన్న మళ్ళీ గాజులదిన్నె పోయినాం. ముందు సొసైటీ పెద్దాయన్ని అడిగినాం. పదకొండు తర్వాతే దిగినాం. ఎండపట్టు బండల దగ్గర, నడుం లోతులో, మామ చెప్పిన ఈక జిగ్. ఈకలు మా ఇంటి పుంజువే. ఒకటిన్నరకి తడిగుడ్డ బరువు తగిలింది, లాగితే జెల్ల, అరకిలో ఉంటుంది. రెండింటికి ఇంకో తడిగుడ్డ, అది నిజంగానే గుడ్డ. ఎవరిదో పాత తువ్వాలు. సాయంత్రం దాకా ఇంకేమీ లేదు.

మైలవరం మామ

చూశావా, ఈక జిగ్.

అనంత ఎండ

చూశావా, నడుం లోతు, ఎండ.

ప్రొద్దుటూరు చెక్కముద్ద

రోజంతా నిలబడితే అరకిలో.

హంద్రి ఒడ్డు

సొసైటీ పెద్దాయనకి లూర్ పోయిన చోటు చూపించినా. అక్కడ చేనూ, దాని కంచె కంపా ఉండేవట. ఏప్రిల్‌కి నీళ్ళు తగ్గి అంతా బయటపడుతుందన్నాడు. అప్పుడు పోయి తెచ్చుకుంటా. ఇంకెవరివైనా అక్కడ పోయి ఉంటే రంగు చెప్పండి, కనిపిస్తే తీసి పెడతా.

కాలవ గట్టు

ఎర్ర తల, తెల్ల ఒళ్ళు. రెండున్నాయి.