కుడి చెయ్యి లేదు, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తియ్యాలని ఉంది: కెమెరా ఎలా పట్టుకోవాలి?

కోట_వీధి:
అందరికీ నమస్తే. మాది హనుమకొండ. నాలుగేళ్ల కింద పిండిమర బెల్టులో పడి కుడి చెయ్యి నలిగిపోతే మోచేతి దాకా తీసేశారు. అంతకుముందు పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాణ్ణి. ఇప్పుడు ఆ ఉరుకులు పరుగులు నావల్ల కాదు గానీ వేయి స్తంభాల గుడి, కోటలో పడిపోయిన రాళ్లు, మా అమ్మ చేతులు బ్లాక్ అండ్ వైట్‌లో తియ్యాలని బాగా కోరికగా ఉంది. ఏ కెమెరా చూసినా బటన్ కుడివైపే ఉంటుంది. ఉన్న ఒక్క చేత్తో లెన్స్ తిప్పాలా, బటన్ నొక్కాలా? జాలి మాటలు వద్దు, దారి చెప్పండి.

చీకటిగది:
తమ్ముడూ, ముందు యోసెఫ్ సుదెక్ ఫొటోలు చూడు. ఆయనది చెక్ దేశంలోని ప్రాగ్. బుక్ బైండింగ్ నేర్చుకున్న మనిషి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సరిహద్దు పోరులో గాయపడి కుడి చెయ్యి పోయింది, ఇక ఆ పని కుదరక ఫొటోల్లోకి వచ్చాడు. ఒంటి చేత్తోనే పెద్ద పెద్ద కెమెరాలు, స్టాండు వేసుకుని ఊరంతా తిరిగాడు. స్టాండు మీద నిలబెట్టి నెమ్మదిగా తీసే పనికి ఒక చెయ్యి సరిపోతుంది, నీక్కావలసింది అదే. కట్టడం ఇంకా పూర్తికాని సెయింట్ వీటస్ చర్చిలోకి వెళ్లి దుమ్ములో పడే ఎండని, పనివాళ్ల సామాన్లని తీశాడు. ఆ 15 ఫొటోల సంపుటి 1928లో వచ్చింది. 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీనే మళ్లీ మళ్లీ తీశాడు. అద్దం మీద ఆవిరి, జారే నీటి బొట్లు, గట్టు మీద గ్లాసు, అంతే. నేను డార్క్‌రూమ్‌లో ఇరవై ఏళ్లు పనిచేశాను, ఆ బూడిద రంగు ఛాయలు ఎలా తెచ్చాడా అని ఇప్పటికీ చూస్తూనే ఉంటా.

నల్లరాయి:
అన్న చెప్పింది నిజమే గానీ పురావస్తు శాఖ గుళ్లలో స్టాండు వెయ్యాలంటే అనుమతి కావాలి, అది ముందే తీసుకోండి. స్టాండు లేని చోట కెమెరాని తలకిందులు చేయండి, గ్రిప్ ఎడమ చేతికి వస్తుంది, బటన్ కిందికి పోతుంది, చిటికెన వేలికో బొటనవేలికో అలవాటు చేసుకోవాలి. ఫొటో తర్వాత కంప్యూటర్‌లో తిప్పుకోవచ్చు. ఇంకోటి, వేయి స్తంభాల గుడి నంది నున్నటి నల్లరాయి కదా, కెమెరా దాన్ని చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, రాయి బూడిద రంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ మైనస్ ఒకటికి దించి చూడండి. పొద్దున్నే పక్కనుంచి ఎండ పడ్డప్పుడే చెక్కడాలు లేచి కనబడతాయి, మధ్యాహ్నం వెళ్తే ఏమీ రాదు.

కోట_వీధి:
అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. గుడికి ఇంకా పోలేదు, సుదెక్ కిటికీ చూశాక వంటింట్లోనే మొదలుపెట్టా. కెమెరా స్టాండు మీద పెట్టి, వైర్ రిమోట్ కుడి చంకలో ఇరికించి నొక్కితే పడుతోంది! ఫోకస్ తిప్పడానికి ఎడమ చెయ్యి ఖాళీ. అమ్మ కిటికీ పక్కన ఉల్లిగడ్డలు కోస్తోంది, మొదటి మూడూ కదిలిపోయాయి, నాలుగోదాంట్లో వేళ్ల మీద ముడతలన్నీ వచ్చాయి. ఉల్లిపొర మాత్రం వెలుగెక్కువై గీతల్లేకుండా ఒట్టి తెల్లగా వచ్చింది. దానికి ఎక్స్‌పోజర్ ఎంత దించాలి?