2027 కొరియా యూనివర్సిటీ గేమ్స్: 2026లో డిగ్రీ అయిపోతే నాకు అవకాశం ఉంటుందా?

బొబ్బిలి_హర్డిల్స్

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ ఫైనల్ ఇయర్. మా ఊరు బొబ్బిలి దగ్గర. 100 మీటర్ల హర్డిల్స్ పరిగెడతాను. బెస్ట్ టైమ్ 14.9, అది కూడా సార్ స్టాప్‌వాచ్‌తో చూసింది. మా గ్రౌండ్‌లో మట్టి ట్రాక్, హర్డిల్స్ నాలుగే. వాటిలో రెండు మా ఊరి వడ్రంగి చేసినవి. కాలు తగిలితే అవి పడవు, మనమే పడతాం. పది హర్డిల్స్ వరసగా దాటేది పోటీ రోజునే.

2023లో చెంగ్డూ యూనివర్సిటీ గేమ్స్‌లో జ్యోతి యర్రాజి అక్క పరుగు ఫోన్‌లో ఎన్నిసార్లు చూశానో. 12.78, జాతీయ రికార్డు, కాంస్యం. పారిస్ ఒలింపిక్స్ అర్హత టైమ్ 12.77. వందో వంతు సెకను! ఆ తర్వాత ర్యాంకింగ్ మీద పారిస్ వెళ్లింది. వైజాగ్ అమ్మాయి, నాగార్జున యూనివర్సిటీలో చదివింది. అప్పటి నుంచి నాకూ ఆ గేమ్స్‌కి వెళ్లాలని ఉంది.

నాన్న తాపీ పనికి వెళ్తారు. డిగ్రీ అవ్వగానే బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. "ఒలింపిక్స్ అంటే తెలుసు, ఈ యూనివర్సిటీ గేమ్స్ ఏంటమ్మా?" అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. నా డిగ్రీ 2026లో అయిపోతుంది, గేమ్స్ 2027 ఆగస్టులో. పైగా పోయినేడు మా కాలేజీ నుంచి ఎంట్రీ గడువు దాటాక వెళ్లింది, ఒక సీజన్ మొత్తం పోయింది. మళ్లీ అలా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

పీడీ_మాస్టారు

అమ్మా, ముందు నాన్నగారి ప్రశ్న. ఇవి అన్ని దేశాల యూనివర్సిటీ విద్యార్థులకి పెట్టే ఆటల పోటీలు. 1959లో ఇటలీలోని టురిన్‌లో మొదలయ్యాయి, రెండేళ్లకోసారి జరుగుతాయి. పాత పేరు యూనివర్సియాడ్. 1979లో మెక్సికో సిటీలో ఇటలీ అథ్లెట్ పియెత్రో మెన్నెయా 200 మీటర్లు 19.72 సెకన్లలో పరిగెత్తింది ఈ గేమ్స్‌లోనే. ఆ ప్రపంచ రికార్డును 1996 దాకా ఎవరూ దాటలేదు. 2019లో నేపుల్స్‌లో మన ద్యుతీ చంద్ 100 మీటర్లలో 11.32తో బంగారం తెచ్చింది. ఇంతమాత్రం చెప్తే ఆయనకి అర్థమవుతుంది.

వయసు 18 నుంచి 25 లోపు, కాబట్టి నీకు ఇబ్బంది లేదు. ముందు ఏడాది డిగ్రీ పూర్తయిన వాళ్లకీ రూల్ ప్రకారం అర్హత ఉంది. కానీ మన దేశం నుంచి జట్టును పంపేది ఏఐయూ, అంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం. వాళ్లు ముఖ్యంగా చూసేది ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో నీ ఆట. 2026లో చదువు ఆపేస్తే కొరియాకి ముందు సీజన్ నీ చేతిలోంచి పోతుంది. అందుకే ఆనర్స్ నాలుగో ఏడాదిలోనో పీజీలోనో చేరు. బ్యాంకు కోచింగ్ పక్కన చదువుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్ పనికొస్తుందని కూడా నాన్నగారికి చెప్పు.

ఇప్పుడు టైమ్ సంగతి. చేత్తో చూసిన 14.9 అంటే ఎలక్ట్రానిక్‌లో 15.1 పైనే అనుకో, ఆ తేడా మామూలే. 2020లో మూడబిదిరిలో ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో జ్యోతి 13.03 పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అయినా అక్కడ డోప్ పరీక్ష వంటివి జరగలేదని దాన్ని రికార్డుగా తీసుకోలేదు. 2022 దాకా ఆ అమ్మాయి ఆగాల్సి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అందుకే ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్ ఎక్కడ ఉన్నా వదలకు.

నాలుగు హర్డిల్స్ చాలు, దిగులుపడకు. స్టార్ట్ నుంచి మొదటిదానికి 13 మీటర్లు, మధ్యలో 8.5, ఎత్తు 84 సెంటీమీటర్లు టేపు పెట్టి కొలువు. నాలుగింటి మధ్యా మూడేసి అడుగులు కుదిరితే మిగతా ఆరూ అదే లయ. ఆ చెక్క హర్డిల్స్‌కి మాత్రం పై పట్టీ మేకులతో కొట్టి ఉంటే ఈ రోజే తీసేయించు. పట్టీ ఊరికే ఆనించి ఉండాలి, కాలు తగిలితే రాలిపోవాలి. మోకాలు పోతే కొరియా లేదు, ఏమీ లేదు.

బోఖుమ్_నుంచి

చెల్లీ, నేను జర్మనీలో ఎంఎస్ చేస్తున్నా. 2025 జులైలో గేమ్స్ మా దగ్గరే, అథ్లెటిక్స్ మా బోఖుమ్‌లోనే. ప్రవీణ్ చిత్రవేల్ ట్రిపుల్ జంప్‌లో 16.66 మీటర్లు దూకి రజతం గెలిచాడు. ఇక్కడ గెలిచిన వాళ్లకి జాతీయ గీతం వెయ్యరు. "గౌదియామస్" అని పాత లాటిన్ విద్యార్థుల పాట, ఏ దేశం గెలిచినా అదే. మొదట వింతగా అనిపించింది, తర్వాత నచ్చింది.

ఎంట్రీ విషయంలో నీ భయం నిజమైనదే. ఇక్కడికి మన బ్యాడ్మింటన్ వాళ్లు 12 మంది వస్తే, పేర్లు సరిగ్గా ఇవ్వలేదని ఆరుగురికి ఆడే వీలే లేకపోయింది. మిగతా వాళ్లు మిక్స్‌డ్ టీమ్ కాంస్యం తెచ్చారు, కానీ ఆ ఆరుగురి సంగతి తలుచుకో. ఫారం వెళ్లిందా, పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా అని నువ్వే అడిగి చూసుకో. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

బొబ్బిలి_హర్డిల్స్

సార్, అన్నయ్యా, చాలా థ్యాంక్స్. రాత్రి నాన్నకి మొత్తం చదివి వినిపించాను. ఆనర్స్‌కి ఫీజు ఎంతో కనుక్కోమన్నారు. పొద్దున్నే పనికి వెళ్లే ముందు గ్రౌండ్‌కి వచ్చి పట్టీల మేకులు తనే పీకేశారు.

సార్, ఒక్క డౌట్. మొదటి హర్డిల్‌కి నాకు తొమ్మిది అడుగులు పడుతున్నాయి. ఎనిమిదికి తేవాలా?

పీడీ_మాస్టారు

తేవాలి. పక్క నుంచి వీడియో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.