"మూడు నూళ్ళు" అంటే ఎంత? వంటిల్లు కొలిచేటప్పుడు వినబడే మాట

ప్రశ్న (విజయవాడ నుంచి):
మా వంటిల్లు మార్పిస్తున్నాం. పాత గట్టు తీసేసి కింద అరలు పెట్టించాలని వడ్రంగి మేస్త్రీని పిలిచాం. ఆయన టేపు పట్టి గోడ కొలిచి, "పది అడుగుల నాలుగంగుళాల మూడు నూళ్ళు, రాసుకోండమ్మా" అన్నారు. అలాగే రాసుకున్నాను. మా అబ్బాయి అది చూసి "నూళ్ళేంటమ్మా, నాలుగున్నర అని రాసెయ్" అంటున్నాడు. నూలు అంటే దారం కదా, కొలతలోకి ఎలా వచ్చింది? నాలుగున్నర అని రాస్తే ఏమన్నా ఇబ్బందా?

జవాబు:
ఇబ్బందే, రాయకండమ్మా. మీ మేస్త్రీ చెప్పింది ఉజ్జాయింపు మాట కాదు, కచ్చితమైన లెక్క. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు. రెండు నూళ్ళయితే పావంగుళం, నాలుగైతే అరంగుళం, ఆరైతే ముప్పావు. మూడు నూళ్ళంటే పావుకీ అరకీ సరిగ్గా మధ్యన. మిల్లీమీటర్లలో చెప్పాలంటే నూలు 3 పైచిలుకు.

నాలుగున్నర అని రాస్తే నూలు ఎక్కువ రాసినట్టు. ఒక్క నూలేగా అనిపిస్తుంది. కానీ రెండు గోడల మధ్య కూర్చోబెట్టే అరల పెట్టె 3 మిల్లీమీటర్లు పెద్దదైతే లోపలికి దిగనే దిగదు. అదే నూలు తక్కువైతే సందు పడుతుంది, దాన్ని మూసుకోవచ్చు. అందుకే పని తెలిసినవాళ్ళు ఒకే గోడను మూడు చోట్ల కొలుస్తారు: నేల దగ్గర, గట్టు ఎత్తులో, పై అరలు వచ్చే చోట. సిమెంటు పూత ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది కాబట్టి మూడు కొలతలూ ఒకటి కావడం అరుదు. మూడూ రాసుకుని, అన్నిటికంటే తక్కువదాన్ని బట్టి పెట్టె చేస్తారు. మీ మేస్త్రీ గారు చెప్పింది ఎక్కడ పట్టిన కొలతో అడిగి, ఆ అంకె పక్కనే రాసుకోండి.

ఇక మాట సంగతి. మీరన్నట్టు నూలు దారమే. తమిళం, కన్నడం, మలయాళంలో కూడా దారానికి ఇదే మాట. తమిళ వడ్రంగులు కూడా అంగుళంలో ఎనిమిదో వంతును "నూల్" అనే అంటారు. హిందీ పనివాళ్ళు "సూత్" అంటారు, అదీ దారమే, సంస్కృతంలోని సూత్రం నుంచి వచ్చింది. కొలతకూ దారానికీ చుట్టరికం ఇవాళ్టిది కాదు. మన శిల్పశాస్త్రాల్లో ఇల్లు కట్టేవాళ్ళను నలుగురిగా చెప్తారు: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. సూత్రగ్రాహి అంటే కొలతాడు పట్టేవాడు. వర్ధకి అన్న మాటే మారుతూ మారుతూ మన వడ్రంగి అయింది. అంగుళాన్ని ఎనిమిదిగా చెయ్యడం కూడా మనకు కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎనిమిది యవల (బార్లీ గింజల) మందం ఒక అంగుళం. ఆ అంగుళం, ఇప్పటి టేపు మీది అంగుళం ఒకటి కావు గానీ ఎనిమిది మాత్రం అదే.

రేపు మీ మేస్త్రీ మూల సరిగా ఉందా అని చూసేటప్పుడు గమనించండి. ఒక గోడ మీద మూడడుగుల దగ్గర, రెండో గోడ మీద నాలుగడుగుల దగ్గర గుర్తులు పెట్టి, వాటి మధ్య టేపు పట్టుకుంటాడు. ఐదడుగులు వస్తే మూల సరే. యజ్ఞవేదికలు కొలవడానికి బౌధాయనుడు శుల్బసూత్రంలో చెప్పిన లెక్క ఇదే. శుల్బం అంటే తాడు.

వ్యాఖ్య (కరీంనగర్ నుంచి):
మా దిక్కు నూలు అనరు, సూత్ అంటరు. ఇనుప సలాకలు గూడ గట్లనే కొంటరు, మూడు సూత్‌లది, నాలుగు సూత్‌లది అని. దుకాణంల మాత్రం 10 ఎమ్మెం, 12 ఎమ్మెం అని రాసి ఉంటది.

జవాబు:
మంచి మాట గుర్తు చేశారన్నా. ఇక్కడే జాగ్రత్త పడాలి. మీటరు పద్ధతికి 1956లోనే చట్టం వచ్చింది, సరుకంతా మిల్లీమీటర్లలోకి మారింది, పనివాళ్ళ నోట నూలు మాత్రం పోలేదు. నాలుగు నూళ్ళు లెక్కకు 12.7, దొరికే సలాక 12. చెక్క కూడా అంతే. "ఆరు నూళ్ళ ప్లైవుడ్" అడిగితే చేతికొచ్చేది 18 మిల్లీమీటర్లది. ఆరు నూళ్ళు నిజానికి 19 దాటుతుంది. ఒక్కో పెట్టెకు రెండు పక్క చెక్కలు, ఐదు పెట్టెలకు పది. పది చెక్కల దగ్గర తేడా మూడు నూళ్ళు దాటిపోతుంది! చెక్క మందాన్ని మాటను బట్టి కాకుండా, చెక్కనే కొలిచి రాసుకోవాలి.

ప్రశ్న (విజయవాడ):
చాలా సంతోషమండీ. మరి కాగితం మీద బొమ్మ ఎలా గీసుకోవాలి?

జవాబు:
పైనుంచి చూసినట్టు ఒకటి గీయండి, తర్వాత ఒక్కో గోడకు ఎదురుగా నిలబడి ఆ గోడదొకటి. కొలతలన్నీ ఒకే మూల నుంచి మొదలుపెట్టండి: మూల నుంచి కిటికీ మొదలు, అదే మూల నుంచి కిటికీ చివర, అదే మూల నుంచి కుళాయి నడిమధ్య, ప్లగ్గు, గ్యాసు గొట్టం. ముక్కలు ముక్కలుగా కొలిచి కూడితే ప్రతి ముక్క దగ్గరా అర నూలో నూలో పోగవుతుంది. రాసేటప్పుడు అడుగులు, అంగుళాలు, నూళ్ళు వరసగా 10-4-3 అని రాసుకోవచ్చు. మాడ్యులర్ కిచెన్ వాళ్ళకు ఇచ్చేటప్పుడు మాత్రం ఒకేసారి మిల్లీమీటర్లలోకి మార్చండి. మీ గోడ 3,159 అవుతుంది.

ఇంకో మాట. టేపు కొసన కొక్కెం కొంచెం అటూ ఇటూ కదులుతుంది. వదులైపోయిందని సుత్తితో కొట్టి బిగించకండి. కొక్కెం మందం ఎంతో అంతే కదిలేలా చేస్తారు. గోడకు ఆనించి నెట్టినా, చెక్క అంచుకు తగిలించి లాగినా కొలత ఒకటే రావాలని.

వ్యాఖ్య (డల్లాస్ నుంచి):
ఇక్కడ ఇప్పటికీ అడుగులు, అంగుళాలేనండీ. టేపు మీద అంగుళానికి పదహారు గీతలు. మా నాన్నగారు వచ్చినప్పుడు మా వంటిల్లు కొలిచి "అర నూలు" అంటే, కాంట్రాక్టరుకు పదహారో వంతు అని చెప్పాను. ఇక్కడ అల్మారాలు మూడేసి అంగుళాల తేడాతో వస్తాయి, 12, 15, 18 అలా. గోడ దగ్గర మిగిలిన సందుకు సన్నటి చెక్క వేస్తారు. దానికి మనవాళ్ళు ఏమంటారు?

జవాబు:
మా వైపు బద్ద అంటామండీ. గోడ నిలువుగా లేకపోతే సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటుంది. రెండు చోట్లా కొలిచి, నూళ్ళతో సహా మీ కాంట్రాక్టరుకు రాసివ్వండి. బద్దను ఆ వాలుకు తగ్గట్టు కోస్తాడు.