ఆఖరి సూది పడేదాకా కుక్కపిల్లను గేటు దాటించకూడదా?

కొర్లగుంట కుర్రోడు:
ల్యాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. రెండు నెలలు దాటింది, మొదటి వ్యాక్సిన్ వేయించి వారం పైనే అయింది. డాక్టర్ గారేమో ఆఖరి సూది పడేదాకా, అంటే నాలుగు నెలలు నిండేదాకా వీధిలో కాలు పెట్టనివ్వద్దన్నారు. మా బావకు కుక్కలు పెంచిన అనుభవం ఉంది, ఆయన మాట ఇంకో రకం. అన్నాళ్ళు ఇంట్లో మూసిపెడితే పెద్దయ్యాక టపాకాయ పేలినా మంచం కిందికి దూరుతుంది, కొత్తవాళ్ళొస్తే పళ్ళు చూపిస్తుంది అంటాడు. మా వీధి చివర చెత్త పోసే చోటు ఉంది, ఊరకుక్కలన్నీ అక్కడే. ఎవరి మాట వినాలి?

బైరాగిపట్టెడ అక్క:
డాక్టర్ మాట. ఇందులో చర్చే లేదు తమ్ముడూ. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిన పిల్లను ఒక్కసారి చూసినవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. వాంతులు, నెత్తుటి విరేచనాలు, రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ వాడాల్సిందే. మొదటి సూది పడింది కదా అని ధైర్యపడొద్దు. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం వ్యాక్సిన్‌ను సరిగా పనిచేయనివ్వదు, అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు, అందుకే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాలదాకా తీసుకెళ్తారు. పిరికితనం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బతకాలి కదా.

తిరుచానూరు రోడ్డు:
అక్కా, జబ్బు గురించి మీరు చెప్పిందాంట్లో ఒక్క ముక్క కాదనను. "తర్వాత చూసుకోవచ్చు" అన్నారే, నా గొడవంతా దానితోనే. పిల్లకు రెండు వారాలకు కళ్ళు తెరుచుకుంటాయి, మూడో వారానికి చెవులు పనిచేస్తాయి, అప్పటినుంచి సుమారు 12, 14 వారాలదాకా ఏవి చూస్తే, ఏవి వింటే అవి మామూలేనని దాని బుర్రకు ఎక్కిపోతాయి. ఆ వయసు దాటాక కొత్తదేది ఎదురైనా ముందు భయమే. 1961లో అమెరికాలో అచ్చైన ప్రయోగం ఒకటుంది: కుక్కపిల్లల్ని కంచె వేసిన మైదానంలో మనుషులు తగలకుండా పెంచి, ఒక్కో వయసులో కొన్నింటిని తెచ్చి మనుషులకు అలవాటు చేశారు. 14 వారాలదాకా మనిషిని ఎరగకుండా పెరిగినవి ఆ తర్వాత దాదాపు అడవి జంతువుల్లాగే ఉండిపోయాయి. ఇప్పుడు లెక్క వేయండి, అలవాటయ్యే వయసు 14 వారాలకు దాటిపోతుంది, సూదులు 16కు పూర్తవుతాయి. అమెరికాలోనే జంతువుల ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2008లో, మొదటి వ్యాక్సిన్, నులిపురుగుల మందు పడి వారం గడిస్తే 7, 8 వారాల పిల్లను కూడా శుభ్రమైన చోట తోటి పిల్లలతో కలపవచ్చని చెప్పింది.

కుర్రోడా, బయటికి తీసుకెళ్ళడం వేరు, నేల మీద వదలడం వేరు. చేతుల్లో ఎత్తుకుని వెళ్ళు. తిరుపతి కుక్క ఏం చూడాలి? గుండు కొట్టించుకుని గంధం పూసుకున్న యాత్రికులు, హెల్మెట్ తీయని డెలివరీ కుర్రాళ్ళు, చేతికర్ర తాతలు, గోవిందా అని అరుచుకుంటూ పోయే బండ్లు. మా పక్కవీధిలో ఒక కుక్క గుండు కనబడితే చాలు గొలుసు తెంపుకుంటుంది. ఈ ఊళ్ళో దాన్ని పెట్టుకుని ఎట్లా బతకాలో మీరే చెప్పండి.

చంద్రగిరి తోట:
ఇవన్నీ ఫారిన్ జాతులకు వచ్చిన తిప్పలు సామీ. మా మామిడితోటలో నాటుకుక్క ఉండాది, దానికెవరు గుండ్లు చూపించినారు, హెల్మెట్లు చూపించినారు? రేబిస్ సూది వేయించాం, అంతే.

తిరుచానూరు రోడ్డు:
అన్నా, మీ కుక్కను నేను చూడలేదు గానీ, చాలా తోటకుక్కలకు ఇంటి నలుగురే తెలుసు, కాయ కోతకు కూలీలు, లారీవాళ్ళు వచ్చేసరికి కట్టేయాల్సిందే. వీధిలో పుట్టిన పిల్ల సంగతి వేరు, అది నిజంగానే జనంలో పెరుగుతుంది, హారన్ కొట్టినా చెవి కదపదు. కాకపోతే ఒక ఈతలో పుట్టినవాటిలో ఏడాదికి ఎన్ని మిగులుతున్నాయో కూడా చూడాలి, అక్కడ జరిగేది అక్క చెప్పినదే.

బైరాగిపట్టెడ అక్క:
అమెరికా సంఘం రాసింది అమెరికా వీధులకు. అక్కడ చెత్త దగ్గర డిస్టెంపర్ (పార్వోలాగే ప్రాణం తీసే ఇంకో వైరస్ జబ్బు) సూది ఎరగని కుక్కల గుంపులుంటాయా? శుభ్రమైన చోట అన్నారు, మన ఊళ్ళో అలాంటి చోటు ఒకటి చూపించండి. పోనీ ఎత్తుకునే వెళ్ళాడనుకుందాం, ల్యాబ్ పిల్ల అనగానే దారిన పోయే ప్రతివాళ్ళూ చెయ్యి పెడతారు, అందులో ఇప్పుడే వీధికుక్కను నిమిరి వచ్చిన చెయ్యి ఏదో ఎవరికి తెలుసు? వైరస్‌కు చెయ్యయినా చెప్పయినా ఒకటే. దానికంటే చుట్టాల్ని, వాళ్ళ పిల్లల్ని ఇంటికే పిలవండి. హెల్మెట్ మీరే పెట్టుకుని వంటింట్లో తిరగండి, ఏం పోయింది?

వెటర్నరీ హాస్టల్:
ఇక్కడి కాలేజీలోనే చదువుతున్నా. హెల్మెట్ ఐడియా బాగుంది అక్కా, నవ్వడం లేదు, నిజంగానే పనిచేస్తుంది. ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది, సోషలైజేషన్, అంటే ఈ అలవాటు చేయడం, అందరితో ముట్టించడం కాదు. దూరం నుంచి చూసి, విని, బిస్కెట్ తిని ఇంటికొస్తే చాలు. తోక ముడిచి బిస్కెట్ కూడా ముట్టకపోతే అక్కడినుంచి వెనక్కి రావాలి, ఇంకా దగ్గరికి తోయకూడదు. 8 నుంచి 10 వారాల మధ్య చాలా పిల్లలు తొందరగా బెదురుతాయి, కొర్లగుంట అన్న పిల్ల ఇప్పుడు అక్కడే ఉంది. బావగారి ఇంట్లో పెద్ద కుక్కలు ఆరోగ్యంగా ఉండి, వ్యాక్సిన్లన్నీ సరిగా పడి ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి. అందరూ వీధికి భయపడతారు గానీ సూది కోసం వెళ్ళినప్పుడు క్లినిక్ నేల మీద దించేస్తారు, జబ్బు పిల్లలన్నీ వచ్చేది అక్కడికే కదా, ఒళ్ళోంచి దించకండి. మూడు నెలలు నిండాక రేబిస్ మర్చిపోవద్దు. ఆరో నెల దాటాక, అంతా బాగా పెంచినా, ఉన్నట్టుండి చెత్తబుట్టను చూసి మొరిగే రోజులు వస్తాయి, అప్పుడు కొట్టకండి.

కొర్లగుంట కుర్రోడు:
థాంక్స్ అందరికీ. రేపటినుంచి మా ఆవిడ వెనక కూర్చుని పట్టుకుంటుంది, స్కూటీ మీద ఒక రౌండ్. ఇంకొక్క డౌటు, గంగమ్మ జాతర దగ్గరికొచ్చేసింది, వేషాలు మా వీధికీ వస్తాయి, డప్పులు. చూపించాలా, దాచాలా?

తిరుచానూరు రోడ్డు:
మరీ దగ్గర్నుంచి వద్దు. లోపలి గదిలో ఒళ్ళో పెట్టుకుని, డప్పు మంద్రంగా వినబడుతుంటే చికెన్ ముక్కలు పెడుతూ ఉండండి. వణికితే తలుపు మూసి టీవీ పెట్టేయండి.

బైరాగిపట్టెడ అక్క:
జాతర విషయంలో మనకు తగువు లేదు. స్కూటీ రౌండ్ మాత్రం నాకు నచ్చలేదు, రెండో సూది పడేదాకా అయినా ఆగండి. ఆగలేమంటారా, చెత్త దగ్గర బండి ఆపకండి, ఎవరి చెయ్యీ తగలనివ్వకండి, చెప్పులు గేటు బయటే విడవండి.